పంతులమ్మ గారి మట్టిబొమ్మ



పోయిన వేసవిలో ఒక ఆదివారం రెండో పూజ ముగిశాక, జనమంతా వెళ్ళిపోయేదాకా ఆగి ఒక పంతులమ్మ గారు నా దగ్గరకు వచ్చారు. ప్రభుత్వ బడిలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మా విచారణలో సగం మందికి ఓనమాలు దిద్దించింది ఆవిడే. చేతులు కొంగు చాటున పెట్టుకుని నిలబడ్డారు.

"ఫాదరు గారూ, ఒక మాట అడగాలండి. పాపసంకీర్తనంలో చెప్పుకునేంత సంగతి కాదు. అయినా మనసు కుదుటపడటం లేదు" అన్నారు. ఆ తర్వాత చేతులు బయటికి తీసి చూపించారు. గోళ్ళ సందుల్లో ఎండిన మట్టి.

ఆమె అనుమతితోనే, పేరు చెప్పకుండా ఈ వారం ఆ సంగతి మీ ముందు పెడుతున్నాను. ఆమె అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేను ఇచ్చిన జవాబు తప్పు. అదీ ఇది రాయటానికి ఒక కారణం.

ముందు ఆ మట్టి సంగతి చెప్పాలి. వేసవి సెలవుల్లో పిల్లలకు సత్యోపదేశం తరగతులు పెట్టినప్పుడు, మధ్యాహ్నం ఎండలో వాళ్ళను హాలులో కూర్చోబెట్టడానికి ఒక డ్రాయింగు మాస్టారిని పిలిపించాం. ఆయన బొమ్మలు గీయించడంతో పాటు మట్టితో చేయడం కూడా నేర్పుతానన్నారు. పిల్లలు నాలుగు రోజులు ఏనుగులూ కార్లూ చేసి, విసుగెత్తి క్రికెట్టుకు పోయారు. వాళ్ళను దిగబెట్టడానికి వచ్చిన నాయనమ్మలూ, తాతయ్యలూ మాత్రం అక్కడే ఉండిపోయారు. సెలవులు అయ్యేసరికి అది ఏడుగురు పెద్దవాళ్ళ తరగతిగా మారింది. ప్రతి శనివారం సాయంత్రం కూర్చునేవారు. మాస్టారికి తలా ఇంత అని ఫీజు పోగుచేసి ఇచ్చేవాళ్ళం. మట్టి మాత్రం మా ఊరి కుమ్మరి ఇచ్చేవాడు, బొమ్మలు కాల్చేది కూడా ఆయన ఆవంలోనే. ఈ కుమ్మరి సంగతికి మళ్ళీ వస్తాను. అది నాకు సిగ్గు తెప్పించే సంగతి.

పంతులమ్మ గారి సందేహం రెండు ముక్కలు. మొదటిది చిన్నది. అరవై దాటాక ఇదేం వ్యాపకం? జపమాల చెప్పుకోవాలి, మనవల్ని చూసుకోవాలి, ఆత్మ సంగతి ఆలోచించుకోవాలి. ముద్దలు పిసుకుతూ కూర్చోవడం కాలం వృథా చేయడం కాదా అని.

ఇలాంటి అనుమానం మీలో చాలామందికి ఉంటుంది. మనకు వయసంటే ఒక లెక్క. చిన్నప్పుడు నేర్చుకోవాలి, నడివయసులో సంపాదించాలి, ముసలితనంలో ఒక మూల కూర్చోవాలి. ఆ లెక్క దేవుడు వేసింది కాదు. యిర్మీయా ప్రవక్త గ్రంథంలో 18వ అధ్యాయం, 19వ అధ్యాయం ఒకదాని వెంట ఒకటి చదివి చూడండి. మొదటి దాంట్లో ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళతాడు. సారె మీద కుండ చెడిపోతే కుమ్మరి దాన్ని పారేయడు, అదే మట్టితో మరో కుండ చేస్తాడు. రెండో దాంట్లో ప్రవక్త చేతిలో ఉన్నది కాల్చిన కూజా. అది పగిలిందంటే ఇక అతకదు. మనం ముసలివాళ్ళను చూసి 19వ అధ్యాయం అనుకుంటాం. కాలిపోయింది, గట్టిపడింది, ఇక మారదు అనుకుంటాం. ఆదిమ శ్రీసభలో క్లెమెంటు రెండవ లేఖ అనే పేరుతో ఒక ప్రసంగం ఉంది. దాన్ని రాసిన ఆయన ఈ పోలికనే తీసుకుని, ఈ లోకంలో ఉన్నంతకాలం మనం పచ్చి మట్టిమే, ఆవంలోకి వెళ్ళాకే మార్పు ఉండదు అంటాడు. ఆయన చెప్పేది పశ్చాత్తాపం గురించి. నేను దాన్ని చేతివేళ్ళకు కూడా వర్తింపజేస్తున్నాను. వేదాంతం చదివినవాళ్ళు క్షమించాలి.

లోకంలో ఇందుకు ఉదాహరణలు లేకపోలేదు. మనకు కాస్త దూరపు చుట్టరికం ఉన్నది ఒకటి చెబుతాను. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు మీకు తెలుసు. ఆయన తత్త్వంతో మన విశ్వాసానికి పొత్తు కుదరదు, ఆ చర్చ ఇక్కడ వద్దు. 1930లో ఆయన ప్రసంగాలు వినడానికి బియాట్రిస్ వుడ్ అనే అమెరికా మహిళ హాలండు వెళ్ళింది. అక్కడ ఒక కొట్లో లోహంలా మెరిసే పింగాణీ పళ్ళాలు కొనుక్కుంది. వాటికి జోడుగా ఒక టీ కూజా ఉంటే బాగుండుననిపించింది. ఎక్కడా దొరకలేదు. సరే, నేనే చేసుకుంటానని 1933లో హాలీవుడ్ హైస్కూల్లో పెద్దవాళ్ళ కోసం నడిపే మట్టిపని తరగతిలో చేరింది. అప్పటికి ఆమెకు 40 ఏళ్ళు. కూజా అనుకున్నంత సులువుగా రాలేదు గాని, మట్టి ఆమెను మళ్ళీ వదలలేదు. కుండలూ గిన్నెలే కాదు, చిన్న చిన్న మనుషుల బొమ్మలు కూడా చేసింది. 1961లో తన పనులతో మన దేశానికీ వచ్చింది. 1998లో చనిపోయేనాటికి ఆమెకు 105 ఏళ్ళు, నూరేళ్ళు నిండేదాకా మట్టి పట్టుకుంటూనే ఉంది. ఆమె యౌవనం గురించి ఈ పత్రికలో రాయడం కుదరదు. నలభైలో ఒక టీ కూజా కోసం బడిలో చేరిన ఆ పట్టుదల మాత్రం నాకు నచ్చుతుంది.

కాబట్టి మొదటి ముక్కకు జవాబు తేలికే. ప్రార్థన ఎగ్గొట్టకుండా, ఇంటివాళ్ళ అవసరం చూసుకుంటూ చేస్తే తప్పేమీ లేదన్నాను. పంతులమ్మ గారు తలూపారు. కాని కదలలేదు.

రెండో ముక్క అప్పుడు బయటికి వచ్చింది. ఆమె తల్లి నలభై ఏళ్ళు ఈ కోనసీమ మడుల్లో నాట్లు వేసిన కూలి మనిషి. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు తెచ్చిపోసిన ఒండ్రులో మోకాలి లోతున వంగి, ఎదురుగా ఉన్న గట్టు మీద నిలబడ్డ ఆసామి ఎప్పుడు దిగమంటే అప్పుడు దిగి, ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేచిన మనిషి. కూతురి చేతికి మట్టి అంటకూడదని కడుపు కట్టుకుని చదివించింది. ఇప్పుడా కూతురు ఖర్చు పెట్టుకుని మరీ మట్టి ముట్టుకుంటోంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోనులో ఫొటో చూసి కోప్పడ్డాడట. "బురదలోంచి బయటపడటానికి మనకు రెండు తరాలు పట్టిందమ్మా. నువ్వు సరదాకి మళ్ళీ అందులో దిగుతావా?" అన్నాడట.

అతని కోపాన్ని కొట్టిపారేయకండి. మట్టి పట్టడం ఏ తరంలోనూ తప్పనిసరి కానివాళ్ళు మట్టివాసన గురించి కవితలు రాసుకోవచ్చు. పేదరికం మట్టి రూపంలో ఇంట్లో ఉన్నవాళ్ళకు అది కవిత్వం కాదు.

సెమినరీలో చదివిన తత్త్వశాస్త్రం ఇలాంటప్పుడు వెంటనే అక్కరకు వస్తుంది. దానితో ఉన్న ప్రమాదం కూడా అదే. నేనన్నాను: "అమ్మా, బయటికి ఒకేలా కనిపించే రెండు పనులు లోపల ఒకటి కావు. ఉద్దేశాన్ని బట్టి, పరిస్థితులను బట్టి పని స్వభావం మారుతుందని పునీత తోమా అక్వినాసు గారు చెప్పారు. మీ అమ్మ గారు విధిలేక మట్టిలో దిగారు. మీరు స్వేచ్ఛగా దిగుతున్నారు. కాళ్ళు కడగడం బానిస పని. పవిత్ర గురువారం నాడు ప్రభువు స్వేచ్ఛగా అదే చేసినప్పుడు అది ప్రేమ అయింది. స్వేచ్ఛే ఆ పనికి విలువ తెచ్చింది."

చాలా బాగా చెప్పాననుకున్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "అయితే మా అమ్మ చేసింది తక్కువ పనాండీ?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇంటికి వెళ్ళిపోయారు. నేను ఆ వారమంతా ఆ మాటే నమిలాను.

చూడండి, నా వాదంలో లొసుగు ఎక్కడుందో. స్వేచ్ఛ పనికి విలువ తెస్తుందంటే, స్వేచ్ఛ లేనివాళ్ళు చేసిన పనికి విలువ లేదని అర్థం వస్తుంది. తీరిక ఉన్నవాడి పని కళ, తీరిక లేనివాడి పని చాకిరీ అవుతుంది. గ్రీకు తత్త్వవేత్తల ధోరణి ఇదే. అరిస్టాటిల్ మహా మేధావి, కాని చేతిపనివాడిని పూర్తి పౌరుడిగా లెక్కించడానికి కూడా ఆయనకు మనసు రాలేదు. మన పాత నిబంధనలో సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదివినా మొదట అలాగే అనిపిస్తుంది. శాస్త్రికి జ్ఞానం తీరిక వల్ల వస్తుందని మొదలుపెట్టి, నాగలి పట్టేవాడు, కమ్మరి, కుమ్మరి వీళ్ళకు ఆ తీరిక ఏదని అడుగుతుంది. కుమ్మరి కాలితో సారె తిప్పుతూ, చేతితో మట్టిని మలుస్తూ, మెరుగు చక్కగా రావాలని మనసంతా పెట్టి, ఆవం శుభ్రం చేసుకోవడానికి మేలుకుని ఉంటాడని వర్ణిస్తుంది. వీళ్ళను సభలకు పిలవరని, పెద్ద పీట వేయరని ఒప్పుకుంటుంది. కాని అక్కడ ఆగదు. లోకం నిలబడి ఉన్నది వీళ్ళ మీదనేనని, వాళ్ళ పనే వాళ్ళ ప్రార్థన అన్న అర్థం వచ్చేలా ముగిస్తుంది. ఆ చివరి వాక్యం దగ్గర నేను ఇదివరకెప్పుడూ ఆగలేదు. శాస్త్రి వైపు కూర్చుని చదివాను కాబట్టి.

పునీత రెండవ జాన్ పాల్ పోపు గారి యౌవనం మీకు గుర్తు చేస్తాను. పోలండును జర్మనీ ఆక్రమించిన రోజుల్లో, 1940లో, ఆయన సున్నపురాతి గనిలో కూలికి చేరాడు. ఆ తర్వాత రసాయనాల ఫ్యాక్టరీలో చేశాడు. ఇష్టపడి కాదు. పని కాగితం లేకపోతే పట్టుకుపోతారు. అలా విధిలేక రాళ్ళు కొట్టిన మనిషి 1981లో మానవ శ్రమ గురించి విశ్వలేఖ రాస్తూ ఏమన్నాడు? పని విలువ అది ఎలాంటి పని అన్నదాన్ని బట్టి మొదట తేలదు, దాన్ని చేసేవాడు మనిషి కావడం వల్ల తేలుతుంది అన్నాడు. అదే ఊపిరిలో, న్యాయమైన కూలి ఇస్తున్నామా లేదా అన్నదే ఒక వ్యవస్థ మంచిచెడ్డలకు గీటురాయి అని కూడా అన్నాడు. ఆ రెండూ విడదీయకూడదు. మొదటిది మాత్రమే చెబితే పేదవాడి చాకిరీని పొగడ్తతో కప్పేసినట్టవుతుంది.

ఇప్పుడు కుమ్మరి సంగతికి వస్తాను.

పంతులమ్మ గారు చేస్తున్న బొమ్మ ఏమిటో తర్వాతి శనివారం చూశాను. నాట్లు వేస్తూ వంగిన ఒక స్త్రీ. మూరెడు ఉంటుంది. వీపు మీద గోనెపట్టా, ఎడమ చేతిలో నారుకట్ట. ముఖం సరిగా కుదరలేదు, మెడ పొట్టిగా ఉంది, కాళ్ళు స్తంభాల్లా ఉన్నాయి. నేను మాత్రం "అద్భుతంగా ఉందమ్మా" అన్నాను. పెద్దవాళ్ళు ముచ్చటపడి ఏదో చేసుకుంటే మనం అనే మాట అదే కదా. పసిపిల్లల్ని మెచ్చుకున్నట్టు మెచ్చుకుంటాం.

ఆ సాయంత్రం కాల్చవలసినవి తీసుకెళ్ళడానికి కుమ్మరి వచ్చాడు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, వేలితో తట్టి చూసి, సగం పక్కన పెట్టేశాడు. పంతులమ్మ గారి బొమ్మను కిందికీ పైకీ తిప్పి చూశాడు.

"ఇది పేలిపోద్దండి అమ్మగారూ" అన్నాడు. "ఈపు ఇంత మందం ఉంటే లోపలి తడి ఆరదండి. ఆవంలో ఎట్టగానే ఆవిరి తన్నుకొచ్చి పగిలిపోద్ది. పక్కనున్న కుండలు కూడా పోతాయండి. కోసి, లోపల డొల్ల చెయ్యాలి. ఈ కాళ్ళు కూడా ఆడమనిషి కాళ్ళు కాదండి. బురదలో నిలబడ్డ కాలు బరువంతా మడమ మీద ఏసుద్ది."

నేను కంగారుపడ్డాను, ఆవిడ నొచ్చుకుంటుందేమోనని. ఆవిడ ముఖం వెలిగిపోయింది. మూడు నెలల్లో ఆమె పనిని పనిగా చూసిన మొదటి మనిషి ఆయనే. తోమా అక్వినాసు గారు ఇంకొక మాట కూడా అన్నారు, నేను మరిచిపోయిన మాట. మనిషిని సరిగా నడిపించేది వివేకం, వస్తువును సరిగా చేయించేది కళ. కళను వస్తువు బాగోగులతోనే కొలవాలి, చేసినవాడి మంచి ఉద్దేశంతో కాదు. పుణ్యాత్ముడు చేసిన ఓటికుండ ఓటికుండే. నా మెచ్చుకోలులో దయ ఉందనుకున్నాను గాని, అందులో ఉన్నది తక్కువ చూపు. ఆయన తప్పు పట్టడంలో గౌరవం ఉంది.

డొల్ల చేయాలన్న మాట వినగానే, తన్ను తాను రిక్తుని చేసుకున్న ప్రభువు గురించి పునీత పౌలుగారు ఫిలిప్పీయులకు రాసినది నా నోటిదాకా వచ్చింది. మంచి ప్రసంగమే అయ్యేది. ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాను.

ఎందుకంటే ఆయన బొమ్మలు గంపలో సర్దుకుంటుంటే నాకొక ఆలోచన తట్టింది. ఈయనకు మేమేమిస్తున్నాం? లెక్కల పుస్తకం తీసి చూశాను. మాస్టారి ఫీజు ప్రతి నెలా రాసి ఉంది. టీ ఖర్చు ఉంది. పాత పేపర్ల ఖరీదు కూడా ఉంది. మట్టి తవ్వి, ఇసుక కలిపి, కాళ్ళతో తొక్కి మెత్తగా చేసి ఇచ్చినవాడికి, కొబ్బరి డొక్కలూ మట్టలూ గడ్డీ పేర్చి రాత్రంతా ఆవం కాచినవాడికి ఒక్క రూపాయి కూడా లేదు. అడిగితే, "చర్చి పని కదండీ, మీరిస్తారని నేననుకోలేదండి" అన్నాడు. ఎవరూ మోసం చేయాలనుకోలేదు. మాస్టారు కళ నేర్పుతున్నాడు, కుమ్మరి తన కులవృత్తి చేస్తున్నాడు, ఇదీ మా లెక్క. నేర్చుకున్నదానికి ఫీజు ఉంటుంది, పుట్టుకతో వచ్చినదానికి ఉండదని మా బుర్రల్లో ఎవరు రాశారో! ఆ పుస్తకం కింద ప్రతి నెలా సంతకం మాత్రం నాది.

అసలే ఆ వృత్తికి దెబ్బ మీద దెబ్బ. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. కులం వెలివేసిన తమ క్రైస్తవులకు ఉపాధి చూపించడం వాళ్ళ ఉద్దేశాల్లో ఒకటి. మంచి ఉద్దేశమే. మనం బెంగుళూరు పెంకులని పిలిచేవి ఆ తరహావే. అవి వ్యాపించిన చోటల్లా కుమ్మరి చేసిన నాటు పెంకుకు గిరాకీ పడిపోయింది. ఒక పేదవాడికి పెట్టిన అన్నం ఇంకో పేదవాడి కంచంలోంచి వచ్చింది. తర్వాత అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్కు. ఇప్పుడు మా కుమ్మరికి పని పెళ్ళిళ్ళకూ, దీపావళి ప్రమిదలకూ, చావులకూ. కొడుకు సెల్‌ఫోన్ల కొట్లో చేస్తున్నాడు. "ఆడికి ఇది నేర్పలేదండి" అన్నాడాయన. ఆ మాటలో బాధ ఉందో ఊరట ఉందో నాకు తెలియలేదు. పంతులమ్మ గారి తల్లి కూడా కూతురికి నాట్లు నేర్పలేదు.

కుమ్మరి మొల్ల రామాయణం రాసిన భాష మనది. తిరుమల గురించి హైందవ సోదరులు చెప్పుకునే కథ ఒకటుంది. తీరిక లేని ఒక కుమ్మరి, కుండలు చేసిన చేతితోనే మట్టిపూలు చేసి తన దేవుడికి పెట్టుకున్నాడట. రాజు బంగారు పూలు పెడితే, తెల్లారేసరికి వాటి స్థానంలో ఈ మట్టిపూలు ఉండేవట. ఇలాంటివి చెప్పుకుని కళ్ళు తుడుచుకోవడం మనకు బాగా వచ్చు. మట్టిపూలు చేసినవాడికి కూలి లెక్కగట్టడమే రాదు.

ఆ శనివారం ఏడుగురం కూర్చుని లెక్క కట్టాం. పాత బాకీ తీర్చాం. ఇక మీదట నెలకు రెండు శనివారాలు ఆయనే నేర్పాలని, మాస్టారికి ఇచ్చినంతే ఆయనకూ ఇవ్వాలని నిర్ణయించాం. మాస్టారు మంచివాడు, సంతోషంగా ఒప్పుకున్నాడు. కుర్చీ వేస్తే కుమ్మరి కూర్చోలేదు, నేల మీదే పని కుదురుతుందన్నాడు. దాంతో మిగతావాళ్ళూ నేల మీదికి దిగారు. మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరు మాత్రం నన్ను ఇప్పటికీ తిట్టుకుంటున్నారు.

ఆయన సారె దగ్గర కూర్చున్నప్పుడు నేను ఒకటి గమనించాను. కుండ అడుగు భాగాన్ని చెక్కతో కొట్టి కొట్టి నున్నగా చేస్తాడు. అది పొయ్యి మీద మసిలో ఉండే భాగం, ఎవరూ చూడరు. ఎందుకంత శ్రమ అంటే, "అలా ఒదిలేత్తే ఎలాగండి" అన్నాడు. అంతకు మించి వివరించలేదు.

పంతులమ్మ గారి ప్రశ్నకు అప్పుడు నాకు ఒక జవాబు తోచింది. మరుసటి ఆదివారం ఆమెతో చెప్పాను: "మీ అమ్మగారి పని తక్కువది కాదు. ఆమెకిచ్చిన కూలి తక్కువ. ఆమెను నిలబెట్టిన చోటు తక్కువ. ఈ రెండిటినీ కలిపి, పనే తక్కువదని మనకు నేర్పారు. నేనూ అదే అప్పజెప్పాను."

ఆవిడ వెంటనే అన్నారు: "మా అమ్మ నాటిన వరస వంకర పోయేది కాదండి. దారం పట్టినట్టుండేది. గట్టు మీద నుంచి చూసి తనే మురిసిపోయేది."

ఈ మాట ఆమె ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదట. బడిలో పిల్లలకు నీతిపాఠాలు చెప్పేటప్పుడు కూడా.

బొమ్మను కోసి, డొల్ల చేసి, కాళ్ళు మళ్ళీ చేశారు. మూడు వారాలు నీడలో ఆరబెట్టారు. కాల్చేదాకా మట్టి ఎప్పుడైనా నీళ్ళలో వేస్తే మళ్ళీ బురదే అవుతుంది. సుమారు 600 డిగ్రీల వేడి దాటాక మాత్రం అది మళ్ళీ కరగదు, వేరే పదార్థమైపోతుంది. ఆదుర్రులో వైనతేయ ఒడ్డున ఉన్న బౌద్ధస్తూపం ఇటుకలు ఇన్ని శతాబ్దాల వానలకు కరగకుండా నిలిచింది అందుకే.

ఆవం విప్పిన రోజు దసరా సెలవుల్లో పడింది. కొడుకు హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నాడు. రాననుకుంటూనే వచ్చాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. బూడిద తీస్తుంటే మొదట రెండు మూకుళ్ళు, తర్వాత ఎవరిదో పక్షి, ఆ తర్వాత నాట్లు వేసే మనిషి. ఎర్రగా కాలింది, ఒక పక్క నల్లటి పొగమచ్చ. నారుకట్ట పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర బీటలిచ్చింది. కుమ్మరి దాన్ని గోనెగుడ్డతో తుడిచి పంతులమ్మ గారికి ఇవ్వబోతే, కొడుకు ముందుకు వచ్చి తీసుకున్నాడు. వేడిగా ఉన్నట్టుంది, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ చాలాసేపు చూశాడు.

"అమ్మమ్మ చెవులకు కమ్మలుండాలి కదమ్మా. పొలానికి కూడా పెట్టుకెళ్ళేది" అన్నాడు.

"ఇంకోటి చేస్తున్నాగా, దానికి పెడతాను" అన్నారు పంతులమ్మ గారు.